తక్కువ ఖర్చులో నచ్చే బస ఆన్‌లైన్‌లో వెతుక్కోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రయాణం అనుకోగానే టికెట్లు చకచకా తీసేసుకుంటాం. గది దగ్గరికొచ్చేసరికి మాత్రం రాత్రి పన్నెండింటి దాకా ఫోన్ పట్టుకుని, ఇరవై గదులు చూసి, ఏది ఏదో గుర్తులేక, చివరికి విసుగొచ్చి ఏదో ఒకటి నొక్కేస్తాం. అలా నొక్కేసి నేను పడ్డ ఇబ్బందులున్నాయి, ఓపిగ్గా వెతికితే దొరికిన మంచి గదులూ ఉన్నాయి. తెలిసినవాళ్ళు ఊరెళ్ళే ముందు నన్ను అడిగే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. ఒక్క మాట ముందే చెప్పేస్తా: అన్నిటికంటే తక్కువ అద్దె ఉన్న గది వేరు, మొత్తం ప్రయాణాన్ని తక్కువలో తేల్చే గది వేరు. మనం వెతకాల్సింది రెండోదాన్ని.

ఇన్ని సైట్లున్నాయి, ఎక్కడ మొదలుపెట్టాలి?

పేర్లు చాలా కనిపిస్తాయి గానీ యజమానులు కొద్దిమందే. బుకింగ్ డాట్ కామ్, అగోడా, ప్రైస్‌లైన్, కయాక్ ఈ నాలుగూ బుకింగ్ హోల్డింగ్స్ అనే ఒకే కంపెనీవి. ఎక్స్‌పీడియా, హోటల్స్ డాట్ కామ్, వర్బో, ఆర్బిట్జ్ ఎక్స్‌పీడియా గ్రూప్‌వి, వేర్వేరు సైట్ల రేట్లు ఒకచోట పోల్చి చూపించే ట్రివాగోలో పెద్ద వాటా కూడా వాళ్ళదే. ట్రిప్ డాట్ కామ్, స్కైస్కానర్ ఇంకో కుటుంబం. కాబట్టి ఒకే కుటుంబంలో నాలుగు సైట్లు తిరగేసి "అన్నిచోట్లా ఇదే రేటు" అనుకోవడం వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. అప్పుడప్పుడు అదే కుటుంబంలోనూ రేటు తేడా వస్తుంది, కాదనను, కానీ సమయం తక్కువుంటే కుటుంబానికొక సైటు చూస్తే సరిపోతుంది.

నేను చేసేది ఇదీ. ముందు గూగుల్ మ్యాప్స్‌లో నేను తిరగబోయే చోట్లు గుర్తుపెట్టుకుంటాను. ఆ చోట్ల మధ్య ఏ పేట అనుకూలమో చూసుకుని, అదే మ్యాప్‌లో హోటళ్ళు తెరిచి రేట్లు ఏ స్థాయిలో ఉన్నాయో ఒక అంచనాకు వస్తాను. తర్వాత ఒక బుకింగ్ సైటు, ఇళ్ళు అద్దెకిచ్చే సైటు ఒకటి చూస్తాను. చివరగా మిగిలిన రెండు మూడు హోటళ్ళ సొంత వెబ్‌సైట్లు. గంట చాలు. తేదీలు, మనుషుల సంఖ్య, పిల్లల వయసులు మొదటినుంచీ సరిగ్గా ఇవ్వండి. ఒక్కరికి చూపించిన రేటు ఇద్దరికి మారిపోవచ్చు, పిల్లాడి వయసు చెప్పకుండా బుక్ చేస్తే అక్కడికెళ్ళాక అదనపు మంచానికి డబ్బులడుగుతారు.

జాబితాలో పైన వచ్చిందంటే అది మంచి డీల్ అన్నట్టేనా?

కాదు. ఇది అందరూ తెలుసుకోవాల్సిన విషయం. మామూలుగా "మా సిఫార్సు" అన్న వరుసలో మీకు ఏది నచ్చుతుందన్న లెక్కతో పాటు సైటుకి ఎక్కడ ఎక్కువ కమిషన్ వస్తుందన్న లెక్క కూడా కలిసి ఉంటుంది. ట్రివాగో మీద ఆస్ట్రేలియాలోని వినియోగదారుల రక్షణ సంస్థ వేసిన కేసులో ఇది బాగా బయటపడింది. అన్నిటికంటే చౌక రేటు చూపిస్తామని ప్రకటనలిచ్చి, నిజానికి క్లిక్‌కి ఎక్కువ డబ్బిచ్చే సైట్ల రేట్లకు పైన చోటిచ్చారని అక్కడి ఫెడరల్ కోర్టు 2020లో తేల్చింది, 2022లో 4.47 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా వేసింది. ఎక్కువ శాతం లిస్టింగుల్లో, పైన పెట్టిన రేటు కంటే తక్కువ రేటు అదే హోటల్‌కి ఇంకోచోట ఉందని ఆ కేసులోనే తేలింది.

అందుకే వరుసను మీరే మార్చుకోండి. నేనైతే రేటింగ్‌కి ఒక కనీస హద్దు పెట్టి, తర్వాత మ్యాప్ చూపు తెరుస్తాను. మ్యాప్‌లో ఎవరూ పైనా కిందా ఉండరు.

మొదట కనిపించిన ధర ఒకటి, చివర్లో కట్టమనేది ఇంకొకటి. ఎందుకిలా?

పన్నులు, సర్వీస్ ఫీజు, శుభ్రం చేసినందుకు ఫీజు, కొన్నిచోట్ల "రిసార్ట్ ఫీజు" అని వాడినా వాడకపోయినా వేసే బాదుడు, ఇవన్నీ చివరి పేజీలో చేరేవి. ఇప్పుడు కొంత మారింది. అమెరికాలో 2025 మే 12 నుంచి తప్పనిసరి ఫీజులన్నీ కలిపిన మొత్తాన్నే మొదట చూపించాలన్న నిబంధన వచ్చింది, ఇళ్ళు అద్దెకిచ్చే సైటు ఎయిర్‌బీఎన్‌బీ కూడా 2025లోనే ప్రపంచమంతటా పన్నులు కాకుండా మిగతా మొత్తం ధర చూపించడం మొదలుపెట్టింది. అయినా అన్ని సైట్లూ అన్నిచోట్లా ఒకేలా లేవు, కాబట్టి పోల్చేటప్పుడు చివరి పేజీ దాకా వెళ్ళి ఆ అంకెనే రాసుకోండి.

ఒక లెక్క చూపిస్తాను. రాత్రికి 60 చొప్పున ఒక ఇల్లు ఉందనుకుందాం, ఏ దేశం డబ్బయినా సరే. శుభ్రం చేసే ఫీజు 50, ఆ మొత్తం మీద సర్వీస్ ఫీజు 14 శాతం. రెండు రాత్రులకు 120, దానికి 50 కలిపితే 170, ఫీజుతో సుమారు 194. అంటే రాత్రికి 97 పడింది. పక్కనే అన్నీ కలిపి 85కి ఉన్న హోటల్ మనకు ఖరీదుగా కనబడింది, నిజానికి అదే చౌక! అదే ఇంట్లో పది రాత్రులుంటే మొత్తం 741, రాత్రికి 74. ఇప్పుడు ఇల్లే మేలు. ఎన్నాళ్ళుంటారన్నదే ఏది చౌకో తేలుస్తుంది, పైన రాసిన 60 కాదు.

ఇంకొకటి: చాలా ఊళ్ళలో పర్యాటకుల పన్ను తలకింత, రాత్రికింత అని అక్కడే నగదుగా తీసుకుంటారు. "ఈ ధరలో చేరనివి" అని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, ఆ ఒక్క పేరా తప్పకుండా చదవండి.

ఊరికి దూరంగా సగం ధరకే గది దొరుకుతోంది. తీసుకోమంటారా?

నన్ను అన్నిటికంటే ఎక్కువమంది అడిగేది ఇదే, ఎక్కువమంది దెబ్బతినేదీ ఇక్కడే. గది రాత్రికి 30 తక్కువ అనుకోండి. ఇద్దరు మనుషులు, ఒక్కొక్కరికి ఒకవైపు టికెట్ 4, రానూ పోనూ కలిపి రోజుకి 16. ఒక్క రాత్రి ఆలస్యమై ట్యాక్సీ ఎక్కితే ఆ రోజు మిగులు అక్కడే పోయింది. డబ్బు సరే, వెళ్ళడానికి యాభై నిమిషాలు, రావడానికి యాభై నిమిషాలు అయితే నాలుగు రోజుల్లో ఆరు గంటల నలభై నిమిషాలు బస్సులోనే గడిచాయి. సెలవు పెట్టి, ఇంత దూరం వచ్చి, దాదాపు ఒక పగలంతా దారికి ఇచ్చేశాం. పైగా మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చడానికి గదికి రావడం కుదరదు, పొద్దున వేసుకున్న బ్యాగు రాత్రిదాకా భుజం మీదే.

దూరం ఉన్నా ఇబ్బంది లేని సందర్భం ఒకటుంది. నడిచివెళ్ళే దూరంలో స్టేషన్ ఉండి, అక్కడినుంచి మారకుండా ఒకే రైలు మీకు కావాల్సిన చోటికి వెళ్తూ, రాత్రి ఆలస్యంగా కూడా నడుస్తుంటే నిశ్చింతగా తీసుకోండి. నేనూ అలాంటి గదులే ఎక్కువ తీసుకుంటాను. ఊరి నడిమధ్య కంటే మూడు నాలుగు స్టేషన్ల అవతల గది పెద్దగా ఉంటుంది, రాత్రి గోల ఉండదు. చూడాల్సింది కిలోమీటర్లు కాదు, దారి. మ్యాప్‌లో రాత్రి పదిన్నరకి బయల్దేరినట్టు సమయం పెట్టి చూడండి, పగలు ఇరవై నిమిషాలున్న దారి రాత్రి గంటయ్యేది అప్పుడే తెలుస్తుంది. "సెంటర్‌కి 2 కిలోమీటర్లు" అన్న మాట గీత గీసినట్టు కొలిచింది కావచ్చు, మధ్యలో నది ఉందో కొండ ఉందో అది చెప్పదు. ఇళ్ళ సైట్లలో బుక్ చేసేదాకా అసలు చిరునామా చూపించరు, మ్యాప్ మీద ఒక వృత్తం మాత్రమే ఉంటుంది. ఆ వృత్తం అంచున ఉన్నా మీకు సరిపోతుందా అని చూసుకోండి.

ఫొటోలు ఎంతవరకు నమ్మొచ్చు?

ఫొటోలో ఉన్నది అబద్ధం కాకపోవచ్చు. లేనిదేమిటో వెతకాలి. ఒకసారి చవగ్గా వస్తోందని ఒక గది తీసుకున్నాను, ఆరు ఫొటోలున్నాయి, ఆరింటిలోనూ కర్టెన్ మూసే ఉంది. అప్పుడు పట్టించుకోలేదు. వెళ్ళి కర్టెన్ లాగితే ఎదురుగా చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో పక్క భవనం గోడ, గోడకి ఏసీ మిషన్ల వరస, రాత్రంతా ఒకటే హోరు. అప్పటినుంచీ కిటికీ తెరిచి ఉన్న ఫొటో ఒక్కటైనా ఉందా అని చూస్తాను, లేకపోతే "కిటికీ ఎటు తెరుచుకుంటుందండీ" అని మెసేజ్ పెడతాను. అసలు కిటికీయే లేని గదులు కూడా అమ్ముతారు, వివరాల్లో ఎక్కడో ఒక మూల రాసి ఉంటుంది.

గది ఎంత పెద్దదో తెలుసుకోవడానికి చదరపు మీటర్లు చూడండి. అది రాయకపోతే, మంచానికీ గోడకీ మధ్య నేలమీద ఎన్ని టైల్స్ ఉన్నాయో లెక్కపెట్టండి. మూలన ఉన్న గుండ్రటి లాంప్ కోడిగుడ్డులా సాగి కనిపిస్తే గదిని పెద్దగా చూపించే వైడ్ యాంగిల్ లెన్స్‌తో తీశారని అర్థం, గది అంత ఉండదు. బాత్రూమ్ ఫొటో లేకపోతే నేను బుక్ చేయను. హోటల్ వాళ్ళు పెట్టిన ఫొటోల కంటే అతిథులు పెట్టినవి చూడటం మంచిది, వాళ్ళు సూట్‌కేస్ నేలమీద తెరిచిపెట్టి తీస్తారు కదా, ఇంకెంత జాగా మిగులుతుందో ఇట్టే తెలిసిపోతుంది.

రివ్యూలు వందలు వందలున్నాయి. ఎలా చదవాలి?

ముందు ఎవరు రాయగలరో తెలుసుకోండి. బుకింగ్ డాట్ కామ్‌లో అక్కడ బుక్ చేసుకున్నవాళ్ళే రాయగలరు. గూగుల్ మ్యాప్స్‌లోనూ ట్రిప్ అడ్వైజర్‌లోనూ ఉన్నట్టు రుజువు చూపకుండానే రాయొచ్చు. ఎయిర్‌బీఎన్‌బీలో ఇంటివాళ్ళు, అతిథి ఒకరి గురించి ఒకరు రాస్తారు, బస అయ్యాక 14 రోజుల గడువు, ఇద్దరూ రాశాకో గడువు తీరాకో మాత్రమే బయటపెడతారు. అయినా మొహమాటం మొహమాటమే. ఇంటాయనతో నవ్వుతూ మాట్లాడి వచ్చినవాళ్ళు కటువుగా రాయలేరు, అందుకే అక్కడ 4.9 మామూలు, 4.5 అంటే ఆగి చూడాల్సిందే.

నేను చదివేవి ఈ మధ్య మూడు నాలుగు నెలలవి మాత్రమే. రెండేళ్ళ కిందట మెచ్చుకున్నది వేరే యాజమాన్యం కావచ్చు. ఐదుకి ఐదు ఇచ్చినవి వదిలేస్తాను, ఒకటి ఇచ్చినవి పైపైన చూస్తాను, మూడూ నాలుగూ ఇచ్చినవి శ్రద్ధగా చదువుతాను. వాళ్ళ వాక్యంలో "కానీ" తర్వాత వచ్చేదే అసలు సంగతి. "అంతా బాగుంది కానీ చిన్న చప్పుడుకే మెలకువ వచ్చేవాళ్ళకి కష్టం" అని రాశారంటే మర్యాదకి మెత్తగా చెప్పారు, అక్కడ గోల ఎక్కువని అర్థం. ఒకే ఫిర్యాదు ముగ్గురు వేర్వేరు నెలల్లో రాస్తే అది నిజమే.

రివ్యూల్లో పదాలు వెతికే సదుపాయం ఉంటుంది, దాన్ని చాలామంది వాడరు. శబ్దం, వేడినీళ్ళు, నల్లులు, లిఫ్ట్, వైఫై, ఈ ఐదు మాటలూ వెతకండి. సైటు వేరే భాషలో ఉంటే ఆ భాషలోనే వెతకాలి, అనువాదం చేసే బటన్ ఉంటుంది. నల్లుల గురించి ఈ మధ్య ఒక్కరు రాసినా నేను ముందుకి వెళ్ళను, అవి సూట్‌కేసులో మనతో ఇంటికొస్తే వదిలించుకోవడం ఎంత కష్టమో పడ్డవాళ్ళకే తెలుసు.

చెడు రివ్యూకి యజమాని ఇచ్చిన జవాబు కూడా చదవండి. "క్షమించండి, గీజర్ మార్పించాం" అనేవాళ్ళకీ, అతిథితోనే గొడవ పెట్టుకునేవాళ్ళకీ చాలా తేడా ఉంటుంది. రేపు మనకి సమస్య వస్తే ఎలా మాట్లాడతారో అక్కడే కనిపిస్తుంది.

త్రీ స్టార్, ఫోర్ స్టార్ అంటే ఏమిటి?

ప్రపంచమంతటికీ ఒకే కొలత లేదు. కొన్ని దేశాల్లో ప్రభుత్వం ఇస్తుంది, కొన్నిచోట్ల హోటళ్ళ సంఘాలిస్తాయి, కొన్నిచోట్ల సైటువాళ్ళో హోటల్‌వాళ్ళో సొంతంగా పెట్టుకుంటారు. పైగా స్టార్లు ఎక్కువగా లిఫ్ట్, రిసెప్షన్ వేళలు లాంటి సదుపాయాల్ని లెక్కపెడతాయి, గది ఎంత శుభ్రంగా ఉందో అవి చెప్పవు. శుభ్రతకి రివ్యూల్లో విడిగా మార్కులుంటాయి, అవి చూడండి.

హోటల్, హాస్టల్, ఇల్లు, వీటిలో ఏది తీసుకోవాలి?

ఒకటి రెండు రాత్రులకి హోటల్. వంట చేసుకోవాలన్నా, బట్టలు ఉతుక్కోవాలన్నా, నలుగురైదుగురు కలిసి వెళ్ళినా, వారం పైన ఉన్నా ఇల్లు. ఒక్కరే వెళ్తూ ఖర్చు బాగా తగ్గించుకోవాలంటే హాస్టల్, అంటే నలుగురితో కలిసి ఉండే గదిలో ఒక్క మంచం అద్దెకు తీసుకునే చోటు. హాస్టల్ అనగానే కుర్రాళ్ళ గోల అనుకోకండి, చాలాచోట్ల విడి గదులూ ఉంటాయి, ఆడవాళ్ళకి మాత్రమే అన్న డార్మిటరీలూ ఉంటాయి. హాస్టల్ అన్న ఆలోచనే ఒక బడిపంతులుది. రిచర్డ్ షిర్‌మాన్ అనే జర్మన్ ఉపాధ్యాయుడు పిల్లల్ని నడిపించుకుంటూ యాత్రలకి తీసుకెళ్తూ, రాత్రిళ్ళు తలదాచుకోను చోటు కావాలని 1912లో ఆల్టెనా కోటలో మొదటి శాశ్వత యూత్ హాస్టల్ తెరిపించాడు. డార్మిటరీలో మంచానికి కర్టెన్, సొంత ప్లగ్, తాళం వేసుకునే లాకర్ ఉన్నాయో లేదో చూసుకోండి. ఈ మూడూ ఉంటే హాయిగా నిద్రపోవచ్చు.

జనం అంతగా వెతకనిది ఇంకోటుంది. చాలా దేశాల్లో యూనివర్సిటీలు వేసవి సెలవుల్లో విద్యార్థుల గదుల్ని ప్రయాణికులకి అద్దెకిస్తాయి. మంచం, బల్ల, బాత్రూమ్, అంతే, కానీ శుభ్రంగా ఉంటాయి, చాలావరకు ఊరి మధ్యలో ఉంటాయి. ఊరి పేరుతో పాటు "యూనివర్సిటీ వేసవి గదులు" అని ఇంగ్లిష్‌లో వెతికితే దొరుకుతాయి.

ముందే బుక్ చేసుకోవాలా, చివరిదాకా ఆగితే తగ్గుతుందా?

ఆగితే తగ్గొచ్చు, అసలు దొరక్కనూ పోవచ్చు. టెన్షన్ లేని దారి ఇది: ఉచితంగా క్యాన్సిల్ చేసుకునే గది ఒకటి ముందే పట్టుకోండి, గడువు తేదీకి రెండు రోజుల ముందు ఫోన్‌లో అలారం పెట్టుకోండి, ఆ రోజు మళ్ళీ వెతకండి. తక్కువకి దొరికితే కొత్తది తీసుకుని పాతది రద్దు చేయండి. ముందు కొత్తది కన్ఫర్మ్ కావాలి, ఆ తర్వాతే పాతది రద్దు చేయాలి, ఈ వరుస తారుమారు చేయకండి. ఇలా వద్దనుకున్నవి మూడు నాలుగు పట్టుకుని కూర్చోవడం మాత్రం తప్పు, ఆ గది నిజంగా కావాల్సినవాళ్ళు ఇంకెవరో ఉంటారు.

క్యాన్సిల్ గడువు మామూలుగా ఆ హోటల్ ఉన్న చోటి గడియారం ప్రకారం ఉంటుంది, మీ ఊరి గడియారం ప్రకారం కాదు. "రీఫండ్ లేదు" అన్న రేటు 10 శాతం తక్కువున్నా, వీసా రాకముందు, సెలవు దొరక్కముందు తీసుకోవద్దు. టికెట్లు చేతికొచ్చాక, వెళ్ళడం ఖాయం అనుకున్నాక తీసుకుంటే నష్టం లేదు.

రేటు వారంలో రోజుని బట్టి కూడా మారుతుంది. ఆఫీసులెక్కువ ఉన్న పేటల్లో హోటళ్ళు శని ఆదివారాలు ఖాళీగా ఉంటాయి, రేటు తగ్గుతుంది. బీచ్, కొండ ఊళ్ళలో సరిగ్గా దీనికి వ్యతిరేకం. ఇళ్ళ సైట్లలో ఏడు రాత్రులకీ 28 రాత్రులకీ యజమానులు తగ్గింపు పెట్టుకోవచ్చు, కాబట్టి ఆరు రాత్రులు ఉండబోతుంటే ఏడు రాత్రులకి ఎంతవుతుందో ఒకసారి చూడండి. ఒక్కోసారి ఏడింటికే తక్కువ చూపిస్తుంది.

"ఒక్క గదే మిగిలింది", "పన్నెండుమంది చూస్తున్నారు" అంటే భయపడాలా?

భయపడకండి. ఆ ఒక్క గది ఆ సైటుకి ఇచ్చిన వాటిలో మిగిలింది కావచ్చు, హోటల్‌లో ఇంకా ఉండొచ్చు. ఆ పన్నెండుమందీ వేరే తేదీలకి చూస్తుండొచ్చు. ఇలా తొందరపెట్టే పద్ధతుల మీద బ్రిటన్ పోటీ నియంత్రణ సంస్థ విచారణ చేస్తే, 2019లో బుకింగ్ డాట్ కామ్, ఎక్స్‌పీడియా, అగోడా సహా ఆరు సైట్లు మార్చుకుంటామని ఒప్పుకున్నాయి.

ఫోన్‌లో ఒక రేటు, కంప్యూటర్‌లో ఒక రేటు వస్తోంది. మనల్ని కనిపెట్టి పెంచుతున్నారా?

రెండోసారి చూశారని పెంచేస్తారన్న ప్రచారం ఉంది గానీ, తేడాకి కారణాలు చాలావరకు మామూలువే. ఫోన్ నుంచి బుక్ చేసేవాళ్ళకీ, లాగిన్ అయినవాళ్ళకీ, ఫలానా దేశం నుంచి చూసేవాళ్ళకీ విడివిడిగా తగ్గింపులు పెట్టుకునే వీలు హోటళ్ళకి ఉంది. ఇంతలో ఎవరో బుక్ చేసుకుంటే చౌక గది అయిపోయి, తర్వాతి రేటు కనిపిస్తుంది. 2012లో ఆర్బిట్జ్ గురించి ఒక వార్త బాగా తిరిగింది: యాపిల్ కంప్యూటర్ వాడేవాళ్ళకి ఖరీదైన హోటళ్ళు ముందు చూపించారు. అదే గదికి ఎక్కువ రేటు వేయలేదు, వరుస మాత్రం మార్చారు. కాబట్టి లాగిన్ అయి ఒకసారి, అవకుండా ఒకసారి, ఫోన్‌లో ఒకసారి చూడండి, ఐదు నిమిషాల పని.

హోటల్‌కి నేరుగా ఫోన్ చేస్తే తగ్గిస్తారా?

చాలాసార్లు తగ్గిస్తారు, ముఖ్యంగా చిన్న హోటళ్ళు. సైటుకి వాళ్ళు 15 శాతం చుట్టుపక్కల కమిషన్ కడతారు, అందులో కొంత మీకిచ్చినా వాళ్ళకి లాభమే. సైటులో కంటే తక్కువకి అమ్మకూడదన్న షరతు కొన్ని ఒప్పందాల్లో ఉండేది. ఐరోపాలో కొత్త చట్టం వచ్చాక 2024లో బుకింగ్ డాట్ కామ్ అక్కడ ఆ షరతు తీసేసింది. రేటు తగ్గించకపోయినా బ్రేక్‌ఫాస్ట్, ఆలస్యంగా చెకౌట్, పై అంతస్తు గది లాంటివి అడగొచ్చు. ఇలా అడగండి: "ఫలానా తేదీల్లో మీ గది సైట్లో ఇంతకి చూశానండి, మీ దగ్గరే నేరుగా తీసుకుంటే ఎంతకిస్తారు?" అంతే. ఒప్పుకుంటే రేటు, తేదీలు, క్యాన్సిల్ షరతులు మెయిల్‌లో రాసి పంపమనండి. నంబరు హోటల్ సొంత సైటు నుంచే తీసుకోండి, వెతికితే పైన వచ్చే ప్రకటనల్లో నకిలీ నంబర్లుంటాయి.

మోసం ఎలా పసిగట్టాలి?

"సైటు బయట డబ్బు పంపండి, తక్కువకిస్తాను" అన్న ఇల్లు వద్దు. ఇందులో ఆలోచించేదేమీ లేదు, బయట కట్టిన డబ్బుకి సైటు ఏ పూచీ పడదు. పక్కవాటికంటే సగం ధర, ఒక్క రివ్యూ లేదు, ఫొటోలు పత్రికలో వచ్చినట్టున్నాయి అంటే, ఒక ఫొటోని గూగుల్ లెన్స్‌లో పెట్టి చూడండి, అదే ఇల్లు వేరే దేశంలో వేరే పేరుతో కనిపించొచ్చు.

ఇంకో రకం మోసం తెలివైనవాళ్ళని కూడా పడేస్తోంది. మోసగాళ్ళు హోటల్ ఖాతాలోకి దూరి, బుకింగ్ సైటు మెసేజ్ పెట్టె నుంచే "మీ కార్డు సరిచూడాలి, 12 గంటల్లో చేయకపోతే గది రద్దు" అని లింకు పంపుతారు. మీ పేరు, తేదీలు అన్నీ సరిగ్గా ఉంటాయి, నిజమైన హోటల్ నుంచే వచ్చినట్టుంటుంది. ఆ లింకు నొక్కకండి. యాప్‌లో మీ బుకింగ్ తెరిచి చెల్లింపు ఏమైనా బాకీ ఉందా చూడండి, హోటల్‌కి ఫోన్ చేసి అడగండి.

కార్డుతో కట్టేటప్పుడు ఏం చూసుకోవాలి?

వేరే దేశంలో కార్డు గీకేటప్పుడు "మీ దేశం కరెన్సీలో కడతారా, ఇక్కడి కరెన్సీలోనా" అని మిషన్ అడుగుతుంది. అక్కడి కరెన్సీయే నొక్కండి, మీ దేశం కరెన్సీ నొక్కితే మారకం రేటు వాళ్ళిష్టం. చాలా హోటళ్ళు చెకిన్‌లో డిపాజిట్ కింద కొంత మొత్తం కార్డులో ఆపిపెడతాయి, అది వెనక్కి రావడానికి రోజులు పడుతుంది. క్రెడిట్ కార్డయితే ఇబ్బంది లేదు, డెబిట్ కార్డయితే ఆ డబ్బు అన్నాళ్ళూ మీ చేతికి అందదు.

అర్ధరాత్రి చేరుకుంటే?

ఈ ప్రశ్నకి నా సొంత అనుభవం చెప్తాను. రాత్రి ఒంటిగంటన్నరకి ఒక ఇంటి ముందు దిగాను, సొంతంగా తాళం తీసుకునే పద్ధతి, తలుపు పక్కన చిన్న కోడ్ పెట్టె. కోడ్ మెయిల్‌లో ఉంది, నా ఫోన్‌లో నెట్ లేదు. ముప్పావుగంట మెట్ల మీద సూట్‌కేస్ పక్కన కూర్చున్నాను, పై అంతస్తులో ఉండేవాళ్ళెవరో ఆలస్యంగా వచ్చి వాళ్ళ వైఫై ఇచ్చారు, వాళ్ళు రాకపోతే తెల్లవారేదాకా అక్కడే. ఆ రోజు నుంచి చిరునామా, కోడ్, యజమాని నంబరు, తలుపు ఫొటో అన్నీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటాను, చిరునామా కాగితం మీద అక్కడి లిపిలో కూడా రాసుకుంటాను.

హోటలయితే రిసెప్షన్ ఎన్నింటిదాకా ఉంటుందో చూడండి, 24 గంటలు అని లేకపోతే ఎన్నింటికి వస్తారో ముందే మెసేజ్ పెట్టండి. రాలేదనుకుని మొదటి రాత్రితో పాటు మొత్తం బుకింగ్ రద్దు చేసే ప్రమాదం ఉంది. ఒంటిగంటకి చేరేవాళ్ళు తేదీ కూడా సరిచూసుకోండి: 10వ తేదీ రాత్రి దాటాక చేరితే బుక్ చేయాల్సింది 10వ తేదీకే, 11కి కాదు.

పెద్దవాళ్ళతో, చిన్నపిల్లలతో వెళ్తుంటే?

"లిఫ్ట్ ఉంది" అని ఉన్నా వీధి నుంచి లిఫ్ట్ దాకా ఎన్ని మెట్లున్నాయో అడగండి. గూగుల్ స్ట్రీట్ వ్యూలో గుమ్మం చూడొచ్చు. కొన్ని దేశాల్లో "మొదటి అంతస్తు" అంటే నేల అంతస్తే, కొన్నిచోట్ల ఒక అంతస్తు పైన. మోకాళ్ళ నొప్పులున్న అమ్మకి బాత్‌టబ్ అంచు దాటి స్నానం చేయడం ఎంత కష్టమో చూసినవాణ్ణి, అందుకే నేలమట్టానికి షవర్ ఉన్నదే వెతుకుతాను. పిల్లలకి బాల్కనీ కమ్మీల మధ్య ఎంత సందుందో ఫొటోలో చూడండి.

గదిలో కెమెరాలుంటాయేమో అని భయం. నిజమేనా?

ఎయిర్‌బీఎన్‌బీ 2024 ఏప్రిల్ 30 నుంచి ఇంటి లోపల కెమెరాలు పూర్తిగా నిషేధించింది. బయట గుమ్మం దగ్గర ఉండొచ్చు గానీ లిస్టింగ్‌లో ముందే చెప్పాలి. లోపల కనిపిస్తే ఫొటో తీసి సైటుకి వెంటనే చెప్పండి, పోలీసులకీ చెప్పండి.

వెళ్ళాక గది చెప్పినట్టు లేకపోతే?

సామాన్లు విప్పకముందే గది అంతా వీడియో తీయండి. వేడినీళ్ళు, తలుపు గడియ, దుప్పటి కింద పరుపు అంచులు, ఈ మూడూ మొదటి పది నిమిషాల్లో చూసుకోండి. బాగోలేదంటే ముందు రిసెప్షన్‌లో మర్యాదగా, స్పష్టంగా చెప్పండి, గది మార్చమనండి. చాలావరకు అక్కడే తేలిపోతుంది. తేలకపోతే సైటు మెసేజ్ పెట్టెలోనే రాయండి, ఫోన్‌లో మాట్లాడినా సరే "ఇప్పుడు మాట్లాడినట్టుగా" అని ఒక వాక్యం రాసి పెట్టండి, రేపు రీఫండ్ అడిగితే అదే సాక్ష్యం. ఎయిర్‌బీఎన్‌బీలో సమస్య తెలిసిన 72 గంటల్లోపు చెప్పాలి. మూడు రాత్రులూ ఉండి, ఇంటికొచ్చాక ఫిర్యాదు చేస్తే ఎక్కడా పెద్దగా పని జరగదు.

గదులు నిండిపోయాయని హోటల్‌వాళ్ళే వెనక్కి పంపితే, అంతే స్థాయి గది దగ్గర్లో వాళ్ళే చూపించాలని అడగండి, అక్కడికి వెళ్ళే ట్యాక్సీ ఖర్చు కూడా అడగండి. సైటుకి కౌంటర్ దగ్గర నిలబడే ఫోన్ చేయండి. మీరు వీధిలోకి వచ్చేశాక చేసే ఫోన్ కంటే, రిసెప్షన్‌లో అతను కూడా వింటుండగా చేసే ఫోన్‌కి పని తొందరగా అవుతుంది.